దేవుని గూట్లో గొర్ల పుస్తకం

పాలమూరులోని మా పాత గ్రంథాలయం పుస్తకాలు కొన్నింటిని మళ్లీ అచ్చు వేయించాలని పూనుకున్నం. రజాకార్ల గడబిడలో కాపాడుకోవడానికి వాటిని చదువరుల ఇండ్లకు పంచిపెట్టిండ్రట. గొర్ల రోగాల మీద రాసిన పుస్తకం మాత్రం ఎక్కడా దొరకలేదు. ఆత్మకూరు దిక్కు ఓ ఊళ్లో, చనిపోయిన సాయన్న ఇంట్లో ఉన్నదని తెలిసి బయల్దేరిన.

పొద్దున ఆరింటి బస్సు ఆత్మకూరు చేరేసరికి పది దాటింది. అక్కడినుంచి ఎద్దులబండే గతి, కిరాయి ఎనిమిదణాలు. బండి తోలే మల్లయ్యకు గొర్లు కూడా ఉన్నయి. పుస్తకం సంగతి అడిగితే, అది సాయన్న ఇంట్లో దేవుని గూట్లో ఉన్నదని, మందకు రోగమొస్తే అందరూ పోయి మొక్కి వస్తరని చెప్పిండు. నాకు ఒళ్లు మండింది. చదవాల్సినదానికి మొక్కుడేంది?

సాయన్న భార్య బాలమ్మవ్వ నాకు జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. పుస్తకం మాత్రం ఇయ్యనన్నది. సాయన్న ఉన్నప్పుడు గొర్లకాపరులకు చదివి చెప్పేవాడట. ఆయన పోయినంక ఊళ్లో చదివేటోళ్లు లేరు. అది గడప దాటితే మందలకు దిక్కుండదని అవ్వ భయం. సరే, ఇక్కడే చదివి వినిపిస్తనన్న. అవ్వ గూట్లోంచి తీసి నా ముందు పెట్టింది. అట్ట మీద పసుపు పెచ్చులు కట్టింది. మెల్లగా తెరిచి చదివిన. రోగమొచ్చిన గొర్రెను మందలోంచి వేరుగా కట్టాలె, అది తాగిన నీళ్లు మిగతావాటికి పెట్టొద్దు అని ఉన్నది. గడప దగ్గర కూర్చున్న మల్లయ్య తల వంచుకున్నడు.

"పోయిన యేడు నా మంద సగం సచ్చింది సార్. రోజొచ్చి మొక్కిన. గిది దాంట్ల ఉన్నదని ఎరుక లేకపాయె."

నా కోపం ఎటు పోయిందో. అవ్వ లేచి, పుస్తకాన్ని పాత చీరముక్కలో చుట్టి నా చేతిలో పెట్టింది. మళ్లీ తెచ్చియ్యమన్నది, అంతే.

అచ్చు వేస్తే పుస్తకం బతుకుతదని అనుకునేవాణ్ని. చదివే గొంతు లేకుంటే కొత్తదైనా గూట్లోకే పోతది. మీరూ పాత పుస్తకం కోసం ఇటు వస్తే ఓ మాట: తిరుగు బస్సు నాలుగింటికే, పొద్దున్నే రండి. ముందు ఆ ఇంట్లో కూర్చుని చదివి వినిపించండి, తర్వాతే అడగండి.

ఏడాదికి పాతది, అచ్చయిన కొత్తది రెండూ తీసుకొని నేను మళ్లీ పోయిన. అవ్వ పాతదాన్ని గూట్లో పెట్టింది. మల్లయ్యకు కొత్తగా వచ్చిన కోడలు నాలుగో తరగతి చదివిందట. అవ్వ ఆమెను పిలిచి కొత్తది చేతికిచ్చింది.

"దీనికి పసుపు పెట్టకు బిడ్డా. సదువు."