కిరాయి వేరే

నా చిన్నప్పుడు మా అమ్మ కుడిచేతి మణికట్టుకు ఎప్పుడూ ఒక పాత గుడ్డ చుట్టి ఉండేది. ఏదో దెబ్బ తగిలి కాదు, రుబ్బురోలు తిప్పీ తిప్పీ. మేం నల్లగొండ పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ వెనక ఒక గదిలో కిరాయికి ఉండేవాళ్లం. చుట్టుపక్కల కాలనీల్లో కోస్తా జిల్లాల వాళ్లు అప్పుడప్పుడే ఇళ్లు కట్టుకుంటున్నారు. వాళ్లకు పొద్దున లేస్తే ఇడ్లీ, దోసె ఉండాలి, పిండి రుబ్బే ఓపిక మాత్రం ఉండదు. మా ఇంట్లో ఇడ్లీ అంటే పండగ లెక్క. అయినా ఐదిళ్లకు పిండి రుబ్బి పోసే పని మా అమ్మ పట్టుకుంది. నాన్న లారీ మీద పోతే పదిహేను రోజులకు గాని ఇంటి మొహం చూసేవాడు కాదు, కాబట్టి ఆ పిండి మీదే మా పొయ్యి వెలిగేది.

ఆ ఐదిళ్లలో మొదటిది పక్కింటి పంతులమ్మ గారిది. గుంటూరు వైపు మనిషి. పిండి గిన్నె అందుకునేటప్పుడల్లా అమ్మ చేతి గుడ్డ వైపు చూసి నొచ్చుకునేది. "ఇలా ఎన్నాళ్లు తిప్పుతావు అమ్మాయ్? ఒక గ్రైండర్ కొనుక్కుంటే ఐదిళ్లేం ఖర్మ, యాభై ఇళ్లకు పిండి పోయొచ్చు" అని ఆవిడ ఒకరోజు అన్నది. ఆ మాట అమ్మ తలలో నాటుకుపోయింది. రెండేళ్లు కూడబెట్టింది. చాలక కాళ్ల వెండి కడియాలు అమ్మేసింది. అంతా కలిపి తొమ్మిది వందలయింది. కడియాలు తీసిన చోట కాళ్ల మీద తెల్లటి గీతలు పడితే, గ్రైండర్ వచ్చాక మళ్లీ చేయించుకుంటానని నాతోనే అనేది.

మాకు పట్నంలో ఉన్న ఒకే ఒక్క చుట్టం అమ్మ వాళ్ల పెద్దమ్మ కొడుకు. నాకు మామ అవుతాడు. ఎల్బీ నగర్ దగ్గర ఒక హర్రాజు ఖానాలో వేలంపాట పాడించే పని ఆయనది. మూతపడ్డ ఆఫీసులు, హోటళ్ల సామాను అక్కడికి వచ్చేది. మంచాలు, బీరువాలు, బల్లలు, గంగాళాలు. ఆయన గొంతు ఎంత పెద్దదంటే రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఏం అమ్ముతున్నారోనని ఆగిపోయేవాళ్లు. ఆ మామే ఒకనాడు మా గుమ్మంలోకి వచ్చి నిలబడి చెప్పాడు. "చెల్లె, టిఫిన్ హోటల్ ఒకటి బందైంది. గట్టి గ్రైండర్ ఒచ్చింది. ఆదివారం రా. నువ్వు ఒస్తనంటే మంచిగ పాడిస్త." అమ్మ ఆ రోజు ఆయనకు కోడికూర వండి పెట్టింది.

ఆ ఆదివారం నాకు పండగే. మూడో తరగతి చదివే పిల్లను, మామ నన్ను తన పక్కనే ఎత్తుబల్ల మీద కూర్చోబెట్టి గోలీసోడా ఇప్పించాడు. అమ్మ దూరంగా జనం మధ్యలో, కొంగులో డబ్బు మూట పట్టుకుని నిలబడింది. పాట మొదలయ్యే ముందు చాయ్ గ్లాసులు తిరుగుతున్నాయి. అదే సమయంలో మామ జేబులోంచి ఒక కాగితం తీసి, ఎవరికో ఉత్తరం చదివి పెడుతున్నట్టు మెల్లగా చదివాడు. గెలిచినవాళ్లు పావువంతు బయానా అక్కడికక్కడ కట్టాలి. మిగతాది సాయంత్రం ఐదు గంటల లోపల కట్టి సామాను ఎత్తుకోవాలి, లేకపోతే బయానా పోతుంది. సామాను గేటు దాటాలంటే ఖానా బండి మీదే పోవాలి, ఏ సామానుకు ఎంత కిరాయో ఆ కాగితంలోనే ఉంది. చాయ్ తాగేవాళ్లలో ఒక్కరూ తలెత్తలేదు.

కాగితం జేబులో పెట్టుకుని మామ నా చెవి దగ్గర వంగాడు. "ఒక తమాష చూపిస్త, చూస్తుండు బిడ్డా" అన్నాడు. ఒకే తీరు ఇనుప మంచాలు రెండున్నాయి. మొదటిదాన్ని, ఇంటికి చేర్చే ఖర్చుతో సహా తొంభై రూపాయలని పాటకు పెట్టాడు. జనం మొహాలు తిప్పుకున్నారు. ఒక పెద్దమనిషి తొంభయ్యా అని నవ్వాడు కూడా. ఆ మంచాన్ని పక్కకు నెట్టించి, నాలుగు వస్తువుల తరవాత రెండోదాన్ని తెచ్చాడు. ముప్పై అని అరిచి, "కిరాయి వేరే" అన్న మాటను మాత్రం దగ్గులో కలిపేశాడు. ముప్పై నలభై అయింది, నలభై యాభై అయింది. ఆ నవ్విన పెద్దమనిషే డెబ్బైకి కొట్టించుకున్నాడు. కిరాయి నలభై. నేను వేళ్ల మీద కూడుకుని చూశాను, నూటపది. తొంభై వద్దన్న మనిషి నూటపదికి సంబరంగా మీసం తిప్పుకుంటున్నాడు.

మామ నా వైపు చూసి కన్ను కొట్టాడు. "మనిషి పాటల పడ్డంక కిరాయి ఇనబడది బిడ్డా. ఇంకొకడు ఎత్తుకపోతడేమో అన్న రంధి తప్ప ఏం ఉండది." నాకు అదెంత గొప్పగా అనిపించిందో చెప్పలేను. అంతమంది పెద్దవాళ్లకు తెలియంది నాకు తెలిసింది. గోలీసోడా బుడగలతో పాటు ఆ గర్వం కూడా ముక్కులోకి ఎక్కింది.

తరవాత గ్రైండర్ వచ్చింది. నలుగురు హమాలీలు పట్టుకుంటే గాని కదల్లేదు. నల్లరాయి, ఇనుప చట్రం, పక్కన మోటారు. మూడు వందలతో మొదలయింది. మిర్చి బజ్జీల బండి ఆయన ఒకడు, మా అమ్మ ఒకతి మిగిలారు. అమ్మ గొంతు పదిమందిలో లేవడం నేను అంతవరకు వినలేదు. ఆరు వందల దగ్గర ఆమె గొంతు వణికింది, ఎనిమిది వందల దగ్గర వణుకు పోయింది. బజ్జీల ఆయన ఎనిమిది వందల అరవై అన్నాడు. అమ్మ ఎనిమిది వందల ఎనభై అంది. ఆయన ఆగిపోయాడు. మామ ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని బల్ల మీద కొట్టాడు. నేను ఎత్తుబల్ల మీద లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. అమ్మ నన్ను చూసి నవ్వింది. ఇంకా ఇరవై రూపాయలు మిగిలాయి కదా, వాటితో నాకు రిబ్బన్లు కొనాలని అప్పుడే అనుకుందట.

బజ్జీల ఆయన పోతూ పోతూ అమ్మ దగ్గర ఆగాడు. "కిరాయి నూటయాభై ఉందమ్మా, కలుపుకున్నవా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. అమ్మ మొహంలో నవ్వు ఎలా పోయిందో నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. పాట అయిపోయింది కాబట్టి బయానా రెండు వందల ఇరవై అక్కడికక్కడే కట్టక తప్పలేదు. అది కట్టి అమ్మ మామ దగ్గరికి వచ్చింది. నూటముప్పై తక్కువ పడుతున్నాయని చెప్పింది. మామ తల ఎత్తలేదు. వెనక కుర్చీలో ఖానా యజమాని కూర్చుని ఉన్నాడు.

"అన్నా, బండొద్దు. నేనే మోస్కపోత. రాయి ఒకపారి, చట్రం ఒకపారి. ఎన్నిసార్లన్న తిరుగుత" అంది అమ్మ.

ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు, నెత్తిమీద నల్లరాయితో. అక్కడున్న హమాలీలు నవ్వారు. మామ తన కాగితం వైపే చూస్తూ అన్నాడు. "చెప్పిన గదనే చెల్లె. మొదలే చెప్పిన."

మూడు గంటలకు ఇంటికి చేరి పంతులమ్మ గారి గుమ్మంలో కూలబడ్డాం. ఆవిడ సంగతంతా విని లోపలికి వెళ్లి నూటముప్పై రూపాయలు తెచ్చింది. "మన వీధి చివర కొట్టులో, బాగుచేసి రంగేసిన గ్రైండరు వెయ్యికే ఇంటికి తెచ్చి దింపుతున్నారమ్మాయ్. నీకు వెయ్యీ ముప్పై పడుతోంది. పోతే పోయింది ముప్పై, వస్తువు చేతికొస్తుంది. ఐదు కాకముందే వెళ్లు" అంది. అమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. అమ్మ ఆ డబ్బు తీసుకుని వెళ్లి ఉంటే ఈ కథ లేదు, నాకు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

కాని పంతులమ్మ గారు లెక్కలు చెప్పే మనిషి. ఆవిడ మెప్పు కోసం నేను రోజూ పడిచచ్చేదాన్ని. కూడికలు నడుస్తున్నాయి కదా అని నేను అందుకున్నాను. పొద్దున మామ నాకు చూపించిన తమాషా మొత్తం చెప్పేశాను. రెండు మంచాలు, తొంభై, డెబ్బై, నలభై, నూటపది. మామ కన్ను కొట్టడం, ఆయన అన్న మాట, దగ్గుతో సహా అన్నీ చేసి చూపించాను. పంతులమ్మ గారు నా లెక్క సరిగ్గానే ఉందని చెప్పి, ఎందుకో ఎప్పటిలా నా తల మీద చెయ్యి వేయలేదు.

లేచిన అమ్మ మళ్లీ కూర్చుంది. "అంటే ఆయన ఎరికుండే చేసిండా" అని తనలో తను అనుకుంది. తరవాత నన్ను చూసింది. "నీకు తెల్సినప్పుడు నాకెందుకు చెప్పలే బిడ్డా?"

తిట్టలేదు. తిట్టి ఉంటే ఏడ్చి మరిచిపోయేదాన్ని. ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. ఆ తమాషా వేరేవాళ్ల మీద జరిగేదని, అమ్మ పాట పాడుతుంటే అది మా పాట అని అనుకున్నానేమో. గెలుస్తున్నాం కదా అని కిరాయి నాకూ వినబడలేదు. పంతులమ్మ గారు ఎంత బతిమాలినా అమ్మ ఆ డబ్బు ముట్టుకోలేదు. ఆ గేటు మళ్లీ తొక్కనంది. సాయంత్రం ఐదు అక్కడే, ఆ గుమ్మంలోనే దాటిపోయింది, బయానా పోయింది. మిగిలిన డబ్బు ఆ ఏడాది నా టైఫాయిడ్‌కు, ఇంటి కిరాయికి కరిగిపోయింది. అమ్మ ఇంకో పదకొండేళ్లు రుబ్బురోలు తిప్పింది. చివరి రోజుల్లో అన్నం ముద్ద నోటిదాకా ఎత్తడానికి కూడా ఆ చెయ్యి సహకరించలేదు. కాళ్లకు కడియాలు మళ్లీ రాలేదు. మామను మాత్రం ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు, ఆయన పేరు మా ఇంట్లో వినబడలేదు.

ఇప్పుడు ఆ హర్రాజు ఖానా లేదు, ఆ చోట మెట్రో స్తంభం ఉంది. నేను అల్మాస్‌గూడలో ఉంటున్నాను. మా ఆయన పోయాక ఆయన పాత ఇత్తడి సామాను కొట్టు నా మీద పడింది. కొనేవాళ్లు గుమ్మం దాకా రావడం మానేస్తే, మా అబ్బాయి ఫోన్‌లో పాట పాడించే యాప్ ఒకటి పెట్టి ఇచ్చాడు. మొదట్లో నేను బుద్ధిగా డెలివరీ ఖర్చు ధరలోనే కలిపి పెట్టేదాన్ని. బిందె పెట్టినా, గంగాళం పెట్టినా ఒక్కరూ పలకరించిన పాపాన పోలేదు. నెల రోజులు చూశాను. అప్పుడు నాకు ఆ రెండు ఇనుప మంచాలు గుర్తొచ్చాయి.

పాట ఒక్క రూపాయితో మొదలుపెట్టాను. డెలివరీ ఛార్జిని మాత్రం అడుగున, వేలితో తోస్తే గాని కనబడని చోట రాశాను. అంతే, చీమలు పట్టినట్టు పట్టారు. కలిపి చూస్తే నేను ముందు అడిగిన ధర కంటే ఎక్కువే వచ్చేది. పార్సిల్‌కు నాకయ్యేదానికి మించి రాసేదాన్ని, మిగిలేదంతా అందులోనే. రెండేళ్లు ఇలాగే నడిచింది. నేనేమీ దాచలేదు, అబద్ధం ఆడలేదు అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఎవరూ అడగలేదు కూడా.

పోయిన వేసవిలో కళాయి పోయించిన పెద్ద ఇత్తడి వంట గంజు ఒకటి పెట్టాను. ఇద్దరు పోటీ పడితే చివరికి ఒకామె గెలుచుకుంది. పది నిమిషాలకు ఆమె దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "అక్కా, డెలివరీ గంత ఉందని చూడలే. కర్రీ పాయింట్ పెడుతున్న, చేతిల గంతే ఉన్నయి. మాది హయత్‌నగరే. నేనే ఒచ్చి మోస్కపోత."

అప్పుడు నేను కొట్టులో ఇంకేదో పార్సిల్ కడుతున్నాను. ఒక చేత్తోనే ఆమెకు జవాబు టైపు చేశాను. "రాసే ఉంది కదమ్మా. మొదలే రాసిన." పంపించేసి దారం ముడి వేయసాగాను. ముడి సగంలో ఉండగా నా చేతులు ఆగిపోయాయి.

ఫోన్ తీసి, వచ్చి తీసుకుపొమ్మని మళ్లీ రాశాను. ఆమె చూడలేదు. మర్నాడు చూస్తే ఆమె ఖాతానే లేదు. యాప్‌లో ఫోన్ నంబరు కనబడదు, ఇల్లు ఎక్కడో తెలియదు. హయత్‌నగర్ బస్సెక్కి రెండుసార్లు పోయి, కనిపించిన ప్రతి కర్రీ పాయింట్‌లోనూ అడిగి వచ్చాను. అందరూ తాము కాదన్నారు. పాటకు ముందు ఆమె యాప్‌లో కట్టిన బయానా మునిగిపోయి, అందులో నా వాటా మాత్రం తప్పకుండా నా ఖాతాలో పడింది.

ఇప్పుడు డెలివరీ ఖర్చు పైన, ధర కంటే పెద్ద అక్షరాల్లో పెడుతున్నాను. పాట పాడేవాళ్లు సగానికి సగం పోయారు. ఆ గంజు మాత్రం ఎవరికీ అమ్మలేదు, వరండాలోనే బోర్లించి ఉంది. దాన్ని దాటినప్పుడల్లా మా అమ్మ అడిగిన ప్రశ్న వినబడుతుంది. మామను ఇన్నేళ్లు తిట్టుకున్నాను గాని, ఆయన కనీసం ఒకసారి పైకి చదివాడు.