తల ఎత్తి కొట్టిన ఈత

భుజం నొప్పి అని నేను చెప్పింది సగం అబద్ధం. బొగ్గుగనిలో ఏళ్ళ తరబడి పైకప్పుకు బోల్టులు బిగించినవాడికి భుజం నొప్పి ఉండనే ఉంటుంది. కానీ నేను డ్యూటీ మానేసింది భుజం వల్ల కాదు, భయం వల్ల. గోదావరిఖనిలో మగవాడెవడూ ఆ మాట పైకి అనడు. అందుకే భుజం అన్నాను. దవాఖానాలో డాక్టరు నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "రోజూ ఈత కొట్టండి, వదులవుతుంది" అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నా భయమంతా నీళ్ళంటేనే మరి.

జరిగింది ఇది. గనిలో పల్లానికి దిగే దారిలో మేం పని చేస్తుండగా పంపు ఆగిపోయింది. నీళ్ళు మోకాళ్ళు దాటి, నడుము దాటి, గడ్డం దాకా వచ్చాయి. తల వెనక్కి వాల్చి, ముక్కు పైకప్పుకు దగ్గరగా పెట్టి, అక్కడ మిగిలిన జానెడు గాలి పీలుస్తూ ఎత్తు వైపు నడిచాం. టోపీ దీపం వెలుగులో రాయి తప్ప ఏమీ కనిపించలేదు. వదిలితే మళ్ళీ దొరుకుతుందో లేదో అని ఊపిరిని దాచుకుని దాచుకుని వదిలాను. అందరం బయటపడ్డాం. పైకొచ్చి చాయ్ కూడా తాగాం. ఇంటికొచ్చాక నా భార్య "డ్యూటీ ఎట్లయింది?" అంటే "మంచిగనే" అన్నాను. మర్నాడు గని దగ్గర నిలబడితే అడుగు ముందుకు పడలేదు.

ఇక సెలవు మీద సెలవు. ఎంతకీ భుజం నొప్పి తగ్గడం లేదని చివరికి మెడికల్ బోర్డుకు రాశారు. బోర్డు నన్ను అన్‌ఫిట్ అంటే నా ఉద్యోగం నా బిడ్డకు వస్తుంది. మా దగ్గర ఇది అందరికీ తెలిసిన దారే. మేం కాక అని పిలిచే పక్క క్వార్టరు పెద్దాయన నాకంటే ఎక్కువ మురిసిపోయాడు.

"అదృష్టమంటే నీదేరా! ఇంట్ల కూసొని తిను. పోరి నౌకరీ చేస్తది."

చదువు అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్న నా కూతురు ఎగిరి గంతేసింది. ఇప్పుడు ఆడపిల్లల్ని కూడా గనిలోకి తీసుకుంటున్నారు. తను దిగుతానంటోంది. నా పరిస్థితి కక్కలేక మింగలేక అన్నట్టుంది. నేను దిగలేని చోటికి దాన్ని పంపడమా? పంపనంటే, మళ్ళీ నేనే దిగడమా?

ఈలోపు డాక్టరు మాట పట్టుకుని తనే నన్ను కాలనీ ఈతకొలనుకు లాక్కెళ్ళింది. బడి రోజుల్లో తను అక్కడే నేర్చుకుంది. చిన్నప్పుడు వ్యవసాయ బావిలో దూకినవాణ్ణి కదా, చేతులు మార్చి మార్చి వేసే ఆ ఫ్రీస్టైల్‌ ఎంతలే అనుకున్నాను. దిగాక నా డాబు దిగిపోయింది. తల నీళ్ళలోకి వెళ్ళనంటుంది. మెడ బిగుసుకుని గడ్డం పైకి లేస్తుంది. కళ్ళు పైన కప్పు కోసం వెతుకుతాయి. తల లేచేసరికి నడుము కుంగి కాళ్ళు కిందికి జారిపోతాయి.

"బాపు, తల దించు. కింద గచ్చు చూడు."

"చూస్తే మునుగుత గదనే!"

"లేపితేనే మునుగుతవు. నీ కాళ్లు ఏడికి పోతున్నయో చూస్కో."

అసలు చిక్కు ఊపిరితో వచ్చింది. ముఖం నీళ్ళలో ఉన్నప్పుడే గాలి వదలాలట. "బుడగలు రావాలె బాపు. ఉన్న గాలంత లోపట్నే పెట్టుకుంటే కొత్తది ఏడ వడ్తది?" అనేది. నాకేమో గాలి వదలడమంటే ప్రాణం వదలడమే. బిగబట్టి, బిగబట్టి, ముఖం పక్కకు తిప్పిన ఆ కాస్త వ్యవధిలో వదలడమూ పీల్చడమూ రెండూ చేయబోయి నీళ్ళు మింగేవాణ్ణి. తల ఎత్తకుండా ఒళ్ళంతా పక్కకు దొర్లించి, చెవిని చాచిన చేతికి ఆనించి, ఒక కన్ను నీళ్ళలోనే ఉంచి గాలి తీసుకోవాలట. ఒక కన్ను నీళ్ళలోనా!

తెల్లారితే బోర్డు అనగా, ఆ ఉదయం గోడ పట్టుకుని దగ్గుతున్నాను. తను పక్కన నిలబడి వీపు నిమురుతోంది.

"బాపు, గని లోపట నీళ్లుంటయా?"

"ఉంటయ్."

"ఎంత?"

ఆలోచించకుండానే చెయ్యి గడ్డం దగ్గర పెట్టి చూపించాను. తను నవ్వింది. నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. ఇక దాచలేక జరిగిందంతా చెప్పేశాను. ఇంట్లో ఎవరికైనా చెప్పడం అదే మొదలు. తను నా చెయ్యి పట్టుకుంది.

"నా గురించి ఫికర్ చేయకు బాపు. నాకు ఈత మంచిగొస్తది."

నీళ్ళు కప్పును తాకిన చోట ఈత దేనికీ పనికిరాదని పిచ్చిపిల్లకు తెలియదు. అంత భయం నాకు గనిలో కూడా వేయలేదు.

గోడను కాలితో తన్ని కదిలాను. ముఖం నీళ్ళలో పెట్టాను. బుడగలు వదిలాను. ప్రాణం పోతున్నట్టే ఉంది. చెయ్యి చాచి ఒళ్ళు దొర్లిస్తే నోటి పక్కనే గాలి దొరికింది. మళ్ళీ తల దించాను. లోతు మొదలైన చోట గచ్చు దూరమైపోయింది. మెడ తనంతట తానే లేచింది, కాళ్ళు కుంగాయి, ముక్కులోకి నీళ్ళు పోయాయి. అరవాలనిపించింది. ఈ కాస్త నీళ్ళకే అరిస్తే రేపు గనిలో ఎలా దిగుతాను? నేను దిగకపోతే నా బిడ్డ దిగుతుంది. తల దించి ఉన్న గాలంతా వదిలేశాను. ఆ తర్వాత ఎన్ని చేతులు వేశానో తెలియదు. అవతలి గోడ వేళ్ళకు తగిలింది.

తను గట్టెక్కి నా వెంటే పరుగెత్తుకొచ్చింది. "కొట్టినవ్ బాపు!" అని అరిచింది.

"రేపు బోర్డుకు పోను బిడ్డా. భుజం మంచిగైందని చెప్పి డ్యూటీకి పోత."

తన ముఖం మాడిపోయింది. "మరి నా నౌకరీ?"

"వద్దు. నువ్వు దిగితే నాకు కంటిమీద కునుకు వడది."

తను గట్టు మీద కూలబడి నావైపే చూసింది.

"ఇన్నేండ్ల సంది నువ్వు దిగుతుంటే మాకు కునుకు వడ్డదా?"

నేను గట్టెక్కి తన పక్కన కూర్చున్నాను.