కొక్కేల బావగారు

సంచులు బాగుచేసే ఆయన చేతికొచ్చిన ఏ పట్టీనీ పారేయడు. పాత సంచుల నైలాను పట్టీలు కత్తిరించి, కొసలు దీపానికి చూపి కరిగించి, ఒక చివర కొక్కెం, మరో చివర రింగు పెట్టి కుడతాడు. పూర్తయ్యాక బొటనవేలికి తగిలించుకుని, పళ్ళు బిగబట్టి లాగి చూస్తాడు. సెలవురోజున చేపలకు వెళ్ళేటప్పుడు గాలం, తెడ్డు, ఎరల డబ్బా, చివరికి మంచినీళ్ళ సీసా కూడా వాటితోనే తన కయాక్‌కు, అదే ఒంటిమనిషి తెడ్డు పడవకు, కట్టేస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్క వస్తువూ నీళ్ళపాలు కాలేదని ఆయన గొప్ప. "అక్కని కూడా ఇలాగే కట్టేశావా బావా?" అని బావమరిది వేళాకోళం.

ఆ బావమరిదే మొన్న కొత్త కయాక్ వేసుకుని వెంట వచ్చాడు. నడిచెరువులో గాలి లేచింది. అతని తెడ్డు చేజారి కొట్టుకుపోయింది. పడవ రాళ్ళగుట్ట వైపు పోతోంది. "బావా, నాకు ఈత రాదు!" అని గొంతు చించుకున్నాడు. మరీ దగ్గరికి వెళ్తే రెండు పడవలూ గుద్దుకుంటాయి. ఆయన గాలం వైపు ఒక్క క్షణం చూశాడు. తరవాత చకచకా పట్టీలన్నీ విప్పి, కొక్కేన్ని రింగుకు తగిలిస్తూ ఒకే తాడు చేసి, ఒక కొస తన పడవకు బిగించి రెండోది విసిరాడు. బావమరిదికి అందింది. ఈడ్చుకొస్తుంటే ఒక అల గాలాన్నీ డబ్బానీ మింగేసింది. ఆయన ఆగలేదు.

ఒడ్డున భార్య సామాను లేక బోసిపోయిన పడవ చూసి నోరు తెరిచింది. "ఏమండీ, మీ గాలమేదీ?"

"చెరువు ఏదో ఒకటి ఇమ్మంది. గాలం ఇచ్చి నీ తమ్ముణ్ణి తెచ్చా," అన్నాడాయన మీసం తుడుచుకుంటూ.

"బేరంలో మోసపోయావు బావా!" అన్నాడు బావమరిది, వణుకుతూనే పకపకా నవ్వుతూ.