లక్ష్మికి నేనిచ్చిన తొమ్మిది మాత్రలు

2009 ఆగస్టు 21, శుక్రవారం. దవాఖానా నుంచి రాగానే రాస్తున్నాను. రేపటికి నా తప్పు నాకే చిన్నదిగా కనిపించవచ్చు.

మా ఇంట్లో పనిచేసే ముత్తమ్మ కూతురు లక్ష్మికి సోమవారం జ్వరం, దగ్గు మొదలయ్యాయి. ముత్తమ్మ దవాఖానాకు తీసుకుపోతానంటే నేనే ఆపాను. మా మనవడి జ్వరానికి తెచ్చి మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు రోజుకు మూడు చొప్పున మూడు రోజులిచ్చాను. ప్రతిదానికీ సమయం కాగితం మీద రాశాను.

ఈ రోజు ఆయాసం ఎక్కువై భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాం. డాక్టరు రక్తపరీక్ష చూశాడు, నా కాగితమూ చూశాడు.

"టీచరమ్మా, తెల్లకణాల తీరు చూస్తే వైరస్ లెక్కనే ఉంది. గొంతు నమూనా గూడ పంపుతున్నం. గీ మాత్రలు వైరస్‌కు పనిచెయ్యవు. ముందే తీసుకరావాల్సింది."

ముత్తమ్మ అడ్డం వచ్చింది. "అమ్మనేమనకుండ్రి సారూ. టైం తప్పకుండ ఇచ్చింది. గందుకే నా బిడ్డ గీ మాత్రమన్న ఉన్నది."

లక్ష్మి ఆక్సిజన్ మీద ఉంది. ఇన్నేళ్ళూ పిల్లల తప్పులు దిద్దిన నేను, ఈ తప్పును గుండ్రని అక్షరాలతో రాసిపెట్టుకున్నాను. ఇది చదువుతున్న మీరూ ఇలా మాత్రలు దాచారా? చెప్పండి.

ఇక జరగవలసినవి:
1. లక్ష్మి తమ్ముడు కూడా దగ్గుతున్నాడు, వాడికి రేపు పొద్దున్నే రక్తపరీక్ష చేయించాలి.
2. మా అలమరలో మిగిలిన మాత్రలన్నీ తీసేయాలి.
3. ఆ మాత్రలు లక్ష్మిని కాపాడలేదని ముత్తమ్మకు నేనే చెప్పాలి. ఇవాళ ఆమె నా చెయ్యి వదలలేదు, చెప్పలేకపోయాను.