అగ్గికి పెట్టే రొట్టె

గా చిన్న రొట్టెను చూసినంక రెండు దినాలు నాకు బువ్వ సయించలే. దయ్యాన్ని చూసిన అంటే నమ్మేటోళ్లు దొరుకుతరు గని, రొట్టెను చూసి బుగులువడ్డ అంటే మా ఇంటాయనే నవ్విండు. అందుకే మొదటి నుంచి చెప్త. బుగులైతదో కాదో మీరే చెప్పుండ్రి.

మా ఇంటెనుక ఇంట్ల నారమ్మ ఉంటది. పుట్టింది న్యాల్‌కల్ దిక్కు పల్లెల. కోపమొస్తే సగం కన్నడంల తిడ్తది, అందుకే ఆమె తిట్లు మాకు సగమే తగుల్తయి. పెనిమిటి మల్లప్ప లారీకి మూటలెత్తుకుంట నడుము పోగొట్టుకున్నడు. గప్పటి సంది మంచం మీదనే. గా ఏడాదే నారమ్మ బొంబాయి సడక్ మీద, చిరాగ్‌పల్లి దగ్గర, చెన్నబసప్ప సేటు హోటల్ల జొన్న రొట్టెలు తట్టే పనికి కుదిరింది. పంతొమ్మిదేండ్లాయె. ఇల్లు నడిచేది గా రొట్టెల మీదనే.

ఆమె రొట్టె తడ్తుంటే నేను ఎన్నిసార్లు చూసిన్నో. చూసుడే గాదు, అడిగి అడిగి సతాయించిన గూడ. ఎసరు ఎంత పోస్తవ్, పిండి ఎంతసేపు పిసుకుతవ్, అని. "నీకెట్ల చెప్పాలె అక్కా? పిండిల వేలు పెడితే అదే చెప్తది" అనేది. రెండు దెబ్బలు అల్కగ, ఒక దెబ్బ గట్టిగ, తిప్పుడు. మళ్ల రెండు, ఒకటి, తిప్పుడు. చందమామ లెక్క రొట్టె పెద్దగయ్యేది, అంచు పగిలేది గాదు. కార్లల్ల వచ్చినోళ్లు కట్టెల పొయ్యి ముంగట నిలబడి, ఆమె చేతులను ఫోన్ల వీడియో పట్టుకొని పోయేటోళ్లు.

ఒక్క ఆచారం మాత్రం తప్పేది గాదు. పొద్దుగాల పొయ్యి అంటుకోంగనే మొదలు అరచేతంత చిన్న రొట్టె తట్టి, ఎడమ చేత్తోని నిప్పులల్ల ఏసేది. అది ఎవ్వరికి పెట్టేది గాదు. ఆమె అత్త బస్వమ్మ నేర్పిందట. కొత్త కోడలుగ వచ్చినప్పుడు నారమ్మ తట్టిన రొట్టెలన్ని చీలికలు పేలికలైతే, "నీ చేతులది తప్పు గాదే, నువ్వు అగ్గికి పెట్టకుండ మనకు చేస్తున్నవ్" అన్నదట గా ముసలామె.

పోయిన చలికాలం హైదరాబాద్ నుంచి మానస అనే పోరి, ఆమెతోని ఇద్దరు మనుషులు హోటల్‌కు వచ్చిన్రు. చేతులెట్ల ఆడుతున్నయో పట్టుకునే తీగెల పట్టీలు నారమ్మ మణికట్లకు కడ్తమన్నరు. గాజులు తియ్యుమన్నరు. "పెనిమిటి బతికుండంగ గాజులెట్ల తీస్త?" అని ఈమె లొల్లి పెడితే, గాజుల మీదికెంచి కట్టిన్రు. నెత్తి మీద కెమెరాలు బిగించిన్రు. గా పొద్దుమూకి నారమ్మ నన్ను అడగొచ్చింది.

"గిదేందక్కా, చేతులకు బేడీలేసినట్టు ఏసిన్రు?"

"ఏసుకోయే, ఏం పోతది?" అన్న నేను. "నీ చేతులు టీవీల వస్తయేమో. మేమందరం చూస్తం."

ఏం పోతదని అన్నది నేనే. ఈ నోటితోనే అన్న.

ఇరవై దినాలు కట్టుకున్నది. ఉగాది పోయినంక ఒకనాడు ఊకనే పనిలకెళ్లి జల్ది ఇంటికొచ్చింది. పొయ్యి పగలగొట్టిన్రట. గా జాగల రొట్టెలు తట్టే మిషిని పెట్టిన్రట, అద్దాల అర్రల. నారమ్మను ఎనుకకు కూసోవెట్టి పుండికూర ఆకులు ఏరుమన్నరట. "దాంతోని ఏం కొంపలు మునగలె, కూర్చొని చేసే పనే గదా" అని సేటు అన్నడట. నారమ్మ పంతొమ్మిదేండ్ల సంది కూసోనే చేస్తున్నది, ఆయనకు యాదికి లేదు.

నెల కాంగనే సేటు పిలిపించిండు. మానస మేడం వస్తున్నది, నిన్నొక మాట అడగాలట, అని. "జర తోడు రా అక్కా" అన్నది నారమ్మ. పిలవకున్నా నేను పోయేదాన్నే.

పొద్దుగాల ఏడు గొట్టంగ హోటల్ల ఉన్నం. అద్దాల అర్రల రెండు చేతులున్నయి. మోచేతుల దాకనే. పైన మనిషి లేడు. తెల్లటి రబ్బరు వేళ్లు. మానస ఏదో ఒత్తింది. చేతులు లేచినయి.

టప్ టప్, ధప్. తిప్పుడు. టప్ టప్, ధప్.

నా ఒంటి మీది ఎంట్రుకలు లేచినయి. గా చప్పుడు నాకు ఎరుకే. కండ్లు మూసుకుంటే నా ముంగట నారమ్మ కూసున్నట్టే. ఆమె ఎడమ మణికట్టు జర పక్కకు వంచుతది, నొప్పి ఉంటది గనుక. అది గూడ వంచుతున్నది! ఇనుముకు నొప్పి యాడిదమ్మా?

అరచేతంత రొట్టె అయింది. గంతకే ఆపి, ఎడమ చెయ్యి దాన్ని లేపి పక్కకు ఏసింది. పక్కన నిప్పు లేదు, బూడిద లేదు. స్టీలు బల్ల, దాని కింద ఎంగిలి బకెట్. పచ్చి రొట్టె జారి బకెట్ల పడ్డది.

నారమ్మ నా రెట్ట గట్టిగ పట్టుకున్నది. గోర్లు దిగినయి.

"ఇదే ఆంటీ" అన్నది మానస. "రోజూ మొట్టమొదట ఇలాగే చిన్నది చేసి పడేస్తుంది. ఎక్కడ తప్పు జరిగిందో వెతికి వెతికి అలసిపోయాం. మీ వీడియోలు మళ్లీ చూస్తే, ఇరవై రోజులూ మీరూ ఇదే చేశారు. ఎందుకు?"

నేనే చెప్పిన, అగ్గి ముచ్చట, అత్త ముచ్చట. మానస మొఖం తెల్లవడ్డది. "దానికి తెలియదు కదా. అది కూడా పనిలో భాగమే అనుకుంది" అన్నది మెల్లగ.

"తీసెయ్యి బిడ్డా" అన్నది నారమ్మ.

"అయ్యో, వద్దొద్దు!" సేటు ఉరికొచ్చిండు. "మిషిని దేవునికి పెట్టి పని మొదలువెడ్తదని బోర్డు రాపిస్త. జనం దీన్ని చూసేటందుకే దిగుతరు. మంచిగున్నది, ఉండనియ్యి."

"ఎవరికి పెడ్తది సేటు? బకెట్‌కా?" అన్నది నారమ్మ.

సేటు కిసుక్కున నవ్విండు. "గంత కోపమెందుకే నారమ్మా! నేను నీకు మంచి చెప్దామనే పిలిచిన. సజ్జ రొట్టె గూడ మిషినికి నేర్పాలె. మళ్ల ఇరవై దినాలు పట్టీలు కట్టుకో. నేర్పినవనుకో, నువ్వున్నన్ని దినాలు ఈడనే పని. లేకుంటే ఏం చెయ్యాలె, పుండికూర ఏరేటందుకు గూడ మిషిని వస్తున్నదట."

నాకు సమజైంది. నేర్పితే బువ్వ, లేకుంటే లేదు. మంచంల మల్లప్ప యాదికొచ్చిండు. 'ఒప్పుకోయే' అని నోటి దాక వచ్చింది గని, ఒకసారి గట్లనే చెప్పిన గదా, నాలిక పండ్ల నడుమ పెట్టుకున్న.

నారమ్మ చెంగుతోని చేతులు తుడుచుకున్నది.

"నాకు సజ్జ రొట్టె చెయ్యరాదు సేటు" అన్నది.

నేను బిత్తరపోయిన. సేటు నాకంటే ఎక్కువ బిత్తరపోయిండు. పంతొమ్మిది చలికాలాలు, నువ్వులద్దిన సజ్జ రొట్టె ఈమె చేతిదే తిన్నడు ఆయన. వెన్న పెట్టుకొని తిన్నడు. నిలబడి తిన్నడు.

"రాదా? ఏం మాట్లాడుతున్నవే? నాకు తినిపించింది ఎవరు మరి?"

"ఏమో సేటు. మిషిని కావచ్చు."

గా మాటకు మానస తల దించుకున్నది. మేం ఎళ్లిపోయేటప్పుడు గేటు దాక ఉరికొచ్చింది. "ఆంటీ, చిన్న రొట్టె తీసేశాను. సేటు గారు అడిగితే పాడైపోయిందని చెప్తా" అన్నది. నారమ్మ ఆ పోరి గదుమ పట్టుకొని ముద్దు పెట్టుకున్నది.

ఆటోల ఇంటికి రాంగనే, "అక్కా, నీ నీళ్ల పొయ్యి అంటువెట్టు" అన్నది. వాళ్లింట్ల గ్యాసే. మా పెరట్ల స్నానానికి నీళ్లు కాగవెట్టే మూడు రాళ్ల పొయ్యి ఉన్నది. కట్టెలు పెట్టి అంటువెట్టిన. జొన్నపిండి డబ్బా, రొట్టెలు కాల్చే పెంక తెచ్చిన. నారమ్మ పీట ముంగట కూసున్నది. పిండిల వేలు పెట్టి జరసేపు ఆగింది.

అరచేతంత రొట్టె తట్టింది. ఎడమ చేత్తోని నిప్పులల్ల ఏసింది. అది ఉబ్బి, అంచులు నల్లగయి, పెరడంత జొన్న కాలిన వాసన నిండింది. గప్పుడు నారమ్మ ఊపిరి తీసుకున్నట్టనిపించింది.

"నీకు ఎన్ని చెయ్యాలె అక్కా?"

ఇంట్ల మేం ఇద్దరమే. "నాలుగు చాలు" అన్న.

"నాలుగేనా?" అన్నది. నా మొఖం దిక్కు గట్ల చూసుకుంటనే ఉన్నది, నాలుగింటికే ఆపుడు తనకు రానట్టు.

ఆయెనుక టప్ టప్, ధప్. నాలుగైనయి. ఎనిమిదైనయి. "చాలే నారమ్మా" అని నేను అంటనే ఉన్న. ఆమెకు ఇనవడ్తనే ఉన్నది, నాకు ఎరుకే. డబ్బాల పిండి అడుగంటేదాక గా చేతులు ఆగలే.