నా తల మీద ఓటింగ్

నిన్న మా అమ్మాయి పుట్టినరోజుకి బంగారు రంగు అట్టతో కిరీటం అంటిస్తుంటే, ఆ జిగురు వాసనకి అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో నా ఐదో తరగతి గుర్తొచ్చింది.

విప్లవంలో ప్రజలు గద్దె దించిన ఫ్రాన్స్ రాజుగారి విచారణను క్లాసులో నాటకంగా వేద్దామన్నారు టీచర్. చీటీలు తీస్తే రాజు వేషం నాకొచ్చింది. గెలిచేశాననుకుని ఎగురుకుంటూ ఇంటికెళ్తే అన్నయ్య పకపకా నవ్వాడు.

"పిచ్చీ, లాస్ట్‌లో ఆ కింగ్ తల కట్ చేసేస్తారు!"

నిజంగానే చేస్తారనుకున్నాను. మానేస్తే పిరికిదంటారని, మర్నాడు అమ్మ ఉన్ని మఫ్లర్ మెడకు మూడు చుట్లు చుట్టుకుని మరీ వెళ్లాను.

విచారణ అయ్యాక, మరణశిక్ష వేయాలనేవాళ్లు చేతులెత్తమన్నారు టీచర్. అందరికంటే ముందు ఎత్తింది నా ప్రాణస్నేహితురాలు కావ్య! కళ్లు గట్టిగా మూసుకున్నాను. టీచర్ వచ్చి నా అట్ట కిరీటం తీసి బల్ల మీద పెట్టారు. అంతే.

లంచ్‌లో కావ్య తన పులిహోరలో సగం నాకు పెట్టింది.

"సారీ, కింగ్ బ్యాడ్ కదా. నువ్వు కాదు."

ఇద్దరం నవ్వుకుంటూ తినేశాం.

పెద్దయ్యాక చదివాను, అసలు రాజుకు మరణశిక్ష వేయాలని ఓటేసినవాళ్లలో అతని సొంత బంధువు కూడా ఉన్నాడట. ఆ పూట ఆ బంధువుకు ముద్ద దిగిందో లేదో మాత్రం ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు.