పోగు తెగితే సాంచె ఆపాలి

“ముందుగల్లనే చెప్పలేదా లచ్చక్కా? ఆడోళ్ళు కండెలు సుట్టాలె, మొగోళ్ళు సాంచె నడపాలె. గిన్ని పోగులు తెంపినవ్. ఇగ సాంచె ఇడిసిపెట్టు,” అన్నాడు రాజేశం.

“ఇడిసిపెట్ట. తెంపింది నేనే, అతికేది నేనే. నువ్వు మొదట్ల తెంపలేదా అన్నా?”

“తెంపితె మా బాపు వీపు పలగ్గొట్టిండు.”

“కొట్టినంక నువ్వు సాంచె ఇడిసిపెట్టినవా మరి?”

రాజేశం తెగిన పోగులను వేలితో కదిపి చూశాడు.

ఇది 1984లో, సిరిసిల్లలో, నేను సాంచె నడిపిన మొదటి రోజు మాట. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. సాంచెలు ఉన్నవాడు ఆసామి. రాజేశం మా ఆసామి. ఆయన కింద సాంచెలు నడిపేవాళ్ళు, వాళ్ళ కింద కండెలకు నూలు చుట్టే ఆడవాళ్ళం. నేను చదివింది మూడో తరగతి. ఆరేళ్ళు కండెలు చుడుతూ, కళ్ళు మాత్రం సాంచె మీదనే పెట్టుకున్నాను. సాంచె నడిపే మనిషి తక్కువైన రోజున రాజేశాన్ని అడిగి ఒప్పించాను.

తప్పు నాదే. పడుగులో, అంటే నిలువు పోగుల్లో, ఒకటి తెగడం చూశాను. సాంచె ఆపిన ప్రతిసారీ గుడ్డ మీద గీత పడుతుంది. కండె మీది నూలు అయిపోతే ఎలాగూ ఆపాలి కదా, అప్పుడే అతుకుదాం, ఒక గీత తప్పుతుంది అనుకున్నాను. తెగిన పోగు పక్కవాటికి చుట్టుకుంది. కండెను మోస్తూ అటూ ఇటూ పరుగెత్తే నాడె అందులో ఇరుక్కుని జానెడు వెడల్పున పడుగంతా తెంపింది.

అతికే మనిషి రావడానికి రెండు రోజులు పడుతుంది. రేపు పొద్దుటికి సాంచె నడవకపోతే మళ్ళీ కండెల దగ్గరికే, ఇంకోసారి అడగొద్దు అన్నాడు రాజేశం. నేనే అతుకుతానని ఒప్పుకున్నాను.

మా అవ్వ గుంటమగ్గం మీద నేర్పిన పని అది. వేళ్ళకు బూడిద అద్దుకొని, రెండు కొసలు కలిపి మెలిపెట్టాలి, ముడి వేయకూడదు. మధ్యాహ్నం కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు అయింది. నా పెనిమిటి మల్లేశం ఇంటికి పిలవడానికి వచ్చాడు.

“మందంత నవ్వుతున్నరే. రేపు పోకు,” అన్నాడు.

“నవ్వనీ. నవ్వి నవ్వి ఆళ్ళే అలిసిపోతరు,” అన్నాను.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు సాంచెలు నడిపాను. పోగులు తెగకుండా నడిపినవాళ్ళను ఒక్కరినీ చూడలేదు. తెగుతుందని భయపడేవాళ్ళు ఈ పనికి పనికిరారు. తెగినప్పుడు ఆపనివాళ్ళు కూడా పనికిరారు. నేను నేర్చుకున్నది అంతే.

పడుగు అతికిన మరునాడు పొద్దున కరెంటు రాగానే సాంచె నడిపాను. మొదటి కండె సగంలో ఉండగా ఒక పోగు తెగింది. ఆపాను, అతికాను, మళ్ళీ నడిపాను. రాజేశం వచ్చి గుడ్డను తడిమి చూశాడు. పక్క సాంచె మనిషి రాలేదని, జర దాన్ని కూడా చూసుకొమ్మని చెప్పి చాయ తాగడానికి పోయాడు.